విశ్వవిద్యాలయ విద్యార్థులకు చేసి నేర్చుకునే అవకాశాలు ఎలా పెంచవచ్చు?

మన ముందే చక్కని నమూనా ఉంది: బీఎస్సీ వ్యవసాయం. నాలుగో ఏడాదిలో విద్యార్థులు కొన్ని వారాలు పల్లెలో ఉండి, రైతు వెంట పొలానికి వెళ్తారు. ఈ గ్రామీణ పని అనుభవాన్ని, పరిశ్రమల్లో శిక్షణను, మరికొన్నింటిని కలిపి 2015లో ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమంగా దేశమంతటా తెచ్చారు.

మట్టి నమూనా తీయడమే చూడండి. పుస్తకంలో అది నాలుగు వాక్యాలు. పొలంలో గట్టు పక్క, ఎరువు కుప్ప ఉన్న చోటు వదిలేయాలి. ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు వెంట మట్టి గీయాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అర కిలో మిగిల్చాలి. ఒక్కసారి చేసినవారు ఇక మరచిపోరు.

ఈ కార్యక్రమం నిలబడటానికి కారణం, నా దృష్టిలో, దానికి క్రెడిట్లు (డిగ్రీకి లెక్కలోకి వచ్చే పాయింట్లు), కేటాయించిన సమయం, భృతి ఉండటమే. చరిత్ర, వాణిజ్యం, రసాయన శాస్త్రం విద్యార్థులకూ ఈ మూడూ ఇవ్వాలి. ముఖ్యంగా భృతి. అది లేకపోతే బస్సు ఛార్జీలకే తడుముకునే పిల్లలు ముందుగా వెనుకబడతారు. పర్యవేక్షించే అధ్యాపకుడికి ఆ మేరకు తరగతుల భారం తగ్గించాలి.