పన్నెండు నెలల షీట్లు, ఒకటే ప్రింటు

అమ్మలూ,

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి నిన్ను ట్రెజరర్‌ని చేశారని మీ అమ్మ చెప్పింది. ఆదివారం జనరల్ బాడీ మీటింగట, ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కలన్నీ ఒక పుస్తకంలా ప్రింట్ తీసి అందరి చేతిలో పెట్టాలట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని చదువు.

ఎక్సెల్‌లో నెలకొకటిగా ఉన్న షీట్లన్నిటినీ కాపీ చేసి ఒకే షీట్లో ఒకదాని కింద ఒకటి అతికించే పని మాత్రం పెట్టుకోకు. చాలామంది చేసేది అదే. ఒక్కో నెలలో కాలమ్‌ల వెడల్పు ఒక్కోలా ఉంటుంది. ఏప్రిల్‌కి సరిపోయిన కాలమ్‌లో జూన్ నాటి జనరేటర్ డీజిల్ బిల్లు పట్టక అంకెలకి బదులు గళ్ల గుర్తులు పడతాయి. దాన్ని వెడల్పు చేస్తే ఇంకోటి పేజీ దాటిపోతుంది. షీట్లు వేటికవి ఉండాలి, కాగితం మీదకి మాత్రం వరసగా రావాలి. దానికి ఫైల్, ప్రింట్‌లోకి వెళ్లి ‘ప్రింట్ యాక్టివ్ షీట్స్’ అని ఉన్నచోట ‘ప్రింట్ ఎంటైర్ వర్క్‌బుక్’ ఎంచుకుంటే చాలు. కాకపోతే ఆ పని ఇప్పుడే చేశావనుకో, ‘మొత్తం’ అనే కాలమ్ ఒక్కటే వేరే కాగితం మీద పడి వస్తుంది, అదీ ప్రతి నెలకీ. కాబట్టి అది చివర చెయ్యాల్సిన పని.

పాత ట్రెజరర్ దగ్గర కొన్ని నెలలు వేరే ఫైల్లో ఉన్నాయన్నావు కదా. రెండు ఫైళ్లూ తెరువు. షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘మూవ్ ఆర్ కాపీ’లో నీ ఫైల్ పేరు ఎంచుకుని, ‘క్రియేట్ ఎ కాపీ’ దగ్గర టిక్ పెట్టు. టిక్ మరిచిపోతే ఆయన ఫైల్లోంచి ఆ షీటు లేచి వచ్చేస్తుంది, తర్వాత మాట పడాలి. వచ్చిన షీట్లో ఫార్ములాలు ఇంకా ఆ పాత ఫైల్నే చూస్తుంటే డేటా మెనూలో లింకులు ఉన్నచోట ‘బ్రేక్ లింక్స్’ చెయ్యి. అప్పుడు అంకెలు అంకెలుగా నిలబడిపోతాయి.

కింద ట్యాబ్‌లు ఏ వరసలో ఉంటే ప్రింటూ అదే వరసలో వస్తుంది. సంవత్సరం మొత్తం సారాంశం ఉన్న షీటుని లాగి అన్నిటికంటే ముందు పెట్టు, పెద్దవాళ్లు మొదటి పేజీయే చూస్తారు. వాచ్‌మన్‌కి ఇచ్చిన అడ్వాన్సులూ, బాకీ ఉన్న ఫ్లాట్ల పేర్లూ అందరికీ పంచాలా వద్దా అన్నది సెక్రటరీ గారిని అడుగు. వద్దంటే ఆ షీట్లని హైడ్ చేసెయ్. దాచిన షీటు ప్రింటులోకి రాదు.

ఇక అసలు పని. మొదటి నెల ట్యాబ్ నొక్కి, షిఫ్ట్ పట్టుకుని ఆఖరి నెల ట్యాబ్ నొక్కు. పన్నెండూ ఒకేసారి ఎంపికవుతాయి, పైన ఫైల్ పేరు పక్కన ‘గ్రూప్’ అని పడుతుంది. ఇప్పుడు పేజ్ లేఅవుట్‌లో ఏం మార్చినా అన్నిటికీ పడుతుంది. కాగితం ఎ4 పెట్టు. కొన్ని కంప్యూటర్లలో అమెరికా వాళ్ల లెటర్ సైజే ఉండిపోతుంది. అది ఎ4 కంటే కాస్త వెడల్పు, ఎత్తు తక్కువ. మన ఊళ్లో దొరికేది ఎ4, కాబట్టి అంచులు తేడా వస్తాయి. కాలమ్‌లు ఎక్కువుంటే ల్యాండ్‌స్కేప్ చెయ్యి. వెడల్పు ఒక పేజీ అని పెట్టి, ఎత్తు ‘ఆటోమేటిక్’గా వదిలెయ్. ఎత్తు కూడా ఒక పేజీ అన్నావంటే అరవై వరసల షీటుని ఎక్సెల్ కుదించి కుదించి చీమల బారు చేసి పెడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఇలా కుదించేటప్పుడు ఒక్కో షీటుని దాని వెడల్పుని బట్టి కుదిస్తుంది. మే నెల అక్షరాలు పెద్దగా, జూన్ చిన్నగా వస్తాయి, చూడ్డానికి బాగోదు. నేనైతే అన్నిటికంటే వెడల్పైన నెల ఎంత శాతానికి పేజీలో ఇముడుతుందో చూసి, వెడల్పుని కూడా ‘ఆటోమేటిక్’కి మార్చి, ఆ శాతమే ‘స్కేల్’ దగ్గర అన్నిటికీ ఇస్తాను. అది డెబ్బైకి దిగువకి పోతోందంటే కుదించడం మానేసి, అక్కర్లేని కాలమ్ ఒకటి దాచెయ్యి.

ఇక్కడ ఆగి జాగ్రత్తగా చదువు. సెట్టింగులు అయిపోగానే ఏదో ఒక ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘అన్‌గ్రూప్ షీట్స్’ నొక్కాలి. నొక్కకుండా ఏప్రిల్‌లో బి7 గడిలో వాటర్ ట్యాంకర్ల ఖర్చు సరిచేశావనుకో, పన్నెండు నెలల్లోనూ బి7 గడిలో అదే అంకె కూర్చుంటుంది. ఎక్సెల్ అడగదు, హెచ్చరించదు. మీటింగులో ఎవరో లేచి ‘ఏంటమ్మా, వానాకాలంలో కూడా అన్నే ట్యాంకర్లా’ అనేదాకా తెలియదు. అందుకే ఈ పనికి ముందు ఫైల్ కాపీ ఒకటి వేరే పేరుతో పెట్టుకో.

ప్రతి పేజీ పైనా హెడింగ్ వరస మళ్లీ రావాలంటే ‘ప్రింట్ టైటిల్స్’లో ‘రోస్ టు రిపీట్ ఎట్ టాప్’ దగ్గర ఆ వరసని చూపించు. ఇది గ్రూపులో కుదరదు, ప్రతి షీటుకీ విడిగా చెయ్యాలి. విసుగే, అయినా చెయ్యి. రెండో పేజీలో అంకెలు మాత్రమే ఉంటే ఏది వసూలో ఏది ఖర్చో ఎవరికీ బోధపడదు.

ఫుటర్‌లో షీట్ పేరు, పేజీ నంబరు, మొత్తం పేజీలు పెట్టు. అన్నీ కలిపి ప్రింట్ చేస్తే నంబర్లు వరసగానే నడుస్తాయి. నడవకుండా మధ్యలో మళ్లీ ఒకటి నుంచి మొదలైతే పేజ్ సెటప్‌లో ‘ఫస్ట్ పేజ్ నంబర్’ ఏ షీట్లోనైనా ఒకటి అని పెట్టి ఉందేమో చూసి ‘ఆటో’ చెయ్యి. పీడీఎఫ్ ప్రింటర్ ఫైల్ పేరు మళ్లీ మళ్లీ అడుగుతోందంటే దాని కారణం వేరు. వేర్వేరు కంప్యూటర్లలో తయారైన షీట్లలో ‘ప్రింట్ క్వాలిటీ’ అంకె తేడాగా ఉండొచ్చు, అన్నిట్లో ఒకటే పెట్టు.

ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్‌లో ఎక్సెల్ ఫైలు పట్టుకెళ్లకు. వాళ్ల ప్రింటర్ వేరు, ఫాంట్లు వేరు. ఇంట్లో అంత బుద్ధిగా కూర్చున్న పేజీలు అక్కడ తెరవగానే జరిగిపోతాయి. అనూ ఫాంట్లో కొట్టిన తెలుగు హెడింగులైతే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ‘ఎక్స్‌పోర్ట్’లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో ‘ఎంటైర్ వర్క్‌బుక్’ పెట్టి సేవ్ చేసి, అది తీసుకెళ్లు. ముందు ఒక్క కాపీ తీయించి, అక్కడే నిలబడి పేజీలు తిప్పి చూశాకే మిగతావి చెప్పు. రెండువైపులా కొట్టిస్తే ఒక నెల వెనకవైపు ఇంకో నెల మొదలవుతుంది, అది నీకు ఇష్టమో కాదో చూసుకో. ఇంట్లోనే తీద్దామనుకుంటే పేపర్ కట్ట విప్పి వదిలెయ్యకు. మీ ఎంవీపీ కాలనీ సముద్రపు గాలికి కాగితం చెమ్మ పట్టి ప్రింటర్లో ఇరుక్కుంటుంది.

ఆడిటర్ గారికి మాత్రం పీడీఎఫ్ కాకుండా ఎక్సెల్ ఫైలే పంపు. ఆయనకి కావలసింది ఫార్ములాలు.

నీ పెద్ద మావయ్య