మెచ్చుకోలు పిల్లల చెవికెక్కాలంటే

ప్రశ్న: హైస్కూలు చివరి ఏడాది పిల్లలకి క్లాస్ టీచర్ని. 'మిమ్మల్ని చూస్తే గర్వంగా ఉంది' అని ఎన్నిసార్లు అన్నా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. వెళ్ళేలోగా 40 మందికీ విడివిడిగా ఏదైనా రాసివ్వాలనుంది. ఎలా రాయాలి?

జవాబు: నవ్వరూ మరి! అందరికీ కలిపి అన్న మాట ఎవరికీ అన్నట్టు కాదు. పైగా మన భాషలో 'గర్వం' అన్న మాటకి పొగరు వాసన పూర్తిగా పోలేదు. దేన్ని చూసి పొంగిపోయారో రాయండి చాలు, ఆ మాట వాడకపోయినా పిల్లలకి అందుతుంది.

ముందు రాయడానికి సరుకు ఉండాలి. ఒక నోటుబుక్కులో తలా ఒక పేజీ కేటాయించండి. రోజుకి ఇద్దరిని గమనించి, వాళ్ళు చేసిన ఒక పనిని తేదీ వేసి ఒక్క వాక్యంలో రాసుకోండి. 20 పనిదినాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ఎవరి పేజీలో ఏం రాయాలో తోచడం లేదో చూడండి. దాదాపు అన్నీ మధ్య బెంచీల్లో నోరు విప్పకుండా కూర్చునేవాళ్ళవే అయి ఉంటాయి. అల్లరివాళ్ళూ ఫస్టు వచ్చేవాళ్ళూ ఎలాగూ మన కంట్లో పడతారు.

ఉత్తరానికి మూడు నాలుగు వాక్యాలు చాలు. మీరు చూసింది, దానివల్ల జరిగింది, మీకేమనిపించింది. ఉదాహరణకి: 'లోలకం ప్రయోగంలో 20 డోలనాలకి మీకొచ్చిన సమయం పక్క గ్రూపుతో కలవలేదు. నువ్వు అంకె దిద్దేయకుండా, దారం పొడవుని గుండు మధ్యదాకా మళ్ళీ కొలిచావు. తప్పెక్కడుందో అలాగే దొరికింది. ఆ రోజు నాకు భలే సంతోషమేసింది.' అంతే. కింద 'కానీ' అని మొదలుపెట్టి చేతిరాత సంగతి ఎత్తారో, పైనున్నదంతా కొట్టుకుపోతుంది. మార్కులూ వద్దు, అవి ప్రోగ్రెస్ కార్డులో ఉన్నవే.

ఒక్కోదానికి ఆరు నిమిషాలనుకున్నా మొత్తం నాలుగు గంటల పని. ఒకేసారి కూర్చుని రాస్తే పదో ఉత్తరం నుంచీ వాక్యాలు ఒకే అచ్చులో పడతాయి. రోజుకి ఐదు చొప్పున ఎనిమిది రోజులు పెట్టుకోండి. చేతికందగానే పక్కవాళ్ళవి లాక్కుని చదువుతారు, ఒకే వాక్యం రెండింటిలో కనబడితే శ్రమంతా వృథా. పేర్లు హాజరుపట్టీలో సరిచూసుకుని, అందరికీ ఒకే రోజు ఇవ్వండి.

ప్రశ్న: ఒకబ్బాయిని క్లాసులో నిలబెట్టి, 'బుర్రంటే వీడిది, చూసి నేర్చుకోండి' అన్నాను. అప్పట్నుంచి చెయ్యెత్తడం మానేశాడు. ఎందుకిలా?

జవాబు: 'చూసి నేర్చుకోండి' అన్నది వాడికి మెప్పు కాదు, మిగతావాళ్ళకి చీవాట్లు. ఇంటర్వెల్లో దాని బాకీ తీర్చుకోవాల్సింది వాడే.

ఇక బుర్ర సంగతి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో ఐదో తరగతి పిల్లలకి కొన్ని చిక్కు సమస్యలిచ్చి, కొందరిని తెలివైనవాళ్ళని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే చాలా కష్టమైనవి ఇచ్చి, ఆపైన మళ్ళీ మొదటిలాంటివి ఇచ్చారు. ఈసారి తెలివికి పొగడ్త విన్నవాళ్ళు మొదటికన్నా తక్కువ చేశారు. కష్టానికి మెప్పు పొందినవాళ్ళు ఎక్కువ చేశారు. బుర్రున్నవాడన్న పేరు ఒక్క తప్పు జవాబుతో పోతుందన్న భయం మీ అబ్బాయికీ ఉండొచ్చు. చెయ్యెత్తకపోతే పేరు భద్రం.

సర్దిచెప్పడానికి వాణ్ణి మళ్ళీ నిలబెట్టకండి. నోటుబుక్కు తిరిగిచ్చేటప్పుడు బెంచీ దగ్గర మెల్లగా, 'మూడో లెక్కలో గుర్తు తప్పిందని నువ్వే కొట్టేసి మళ్ళీ చేశావే, అది నచ్చింది' అనేసి ముందుకి కదలండి. జవాబు కోసం నిలబడితే మళ్ళీ అందరి కళ్ళూ వాడి మీదే పడతాయి.

ప్రశ్న: వెనకబడ్డ పిల్లల్లో మెచ్చుకోవడానికి ఏమీ కనబడదు. ఊరికే 'వెరీ గుడ్' అనొచ్చా?

జవాబు: వద్దు. చిన్న పనికి పెద్ద పొగడ్త వచ్చిందంటే, తమ నుంచి మీరు అంతకు మించి ఆశించడం లేదని వాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు. పాత పేపరు పక్కన కొత్తది పెట్టి చూడండి. పోయినసారి భిన్నాల లెక్క ముట్టుకోని అమ్మాయి ఈసారి రెండో మెట్టులో ఆగిపోయిందనుకోండి. మొదటి మెట్టు దగ్గర టిక్కు పెట్టి, 'ఇక్కడిదాకా సరిగ్గా వచ్చావు. ఇప్పుడు హారాలు సమానం చెయ్యి, రేపు చూపించు' అని రాయండి. మర్నాడు మర్చిపోకుండా మీరే అడగండి.