గుంతలో ఎంతసేపు?

చి. తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ‘గరుకు ఉపరితలం మీద పరమాణువు మెల్లగా జారుతుంది’ అని మొదలుపెట్టావు. జారదు, గెంతుతుంది. ఉపరితలం దాన్ని పట్టి ఉంచే చోటే ‘గుంత’. ఆ గుంతలో అదురుతూ ఉండి, చాలినంత వేడి అందిన క్షణాన పక్క గుంతలోకి దూకుతుంది. ఏ గెంతుకూ ముందు గెంతుతో సంబంధం లేదు. రెట్టింపు దూరానికి నాలుగింతల కాలం పట్టేది అందుకే.

అంకెలు వేసి చూపించు. 17 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉష్ణశక్తి 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు. గుంత లోతు, అంటే ఎక్కి బయటపడడానికి కావాల్సిన శక్తి, అదే కొలతలో 0.5 అనుకో. సెకనుకు సుమారు 10 లక్షల కోట్ల సార్లు అదిరినా, 50 కోట్ల ప్రయత్నాలకు ఒకటి ఫలిస్తుంది. అంటే సెకనుకు 20 వేల గెంతులు. లోతు 0.7 అయితే ఏడే. 1 అయితే ఆరున్నర గంటలకు ఒకటి!

నీ లెక్క తప్పింది సగటు దగ్గర. నువ్వు గుంతల లోతులకు సగటు తీశావు. నూటికి 99 గుంతలు 0.5, ఒక్కటి 0.7 అనుకుందాం. సగటు లోతు 0.502. దానితో లెక్కిస్తే విసరణ (పరమాణువులు వ్యాపించే వేగం) 8 శాతమే తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి 30 రెట్లు తగ్గుతుంది. ఆ ఒక్క గుంతలో పరమాణువు 3 వేల రెట్లు ఎక్కువసేపు చిక్కుకుంటుంది మరి. సగటు తీయాల్సింది లోతులకు కాదు, ఆగిన కాలాలకు. అదే ఉపరితలాన్ని 307 డిగ్రీలకు వేడిచేస్తే తేడా ఒకటిన్నర రెట్లకు పడిపోతుంది. ఇంత అందమైన విషయాన్ని వదిలేశావే! ఉష్ణోగ్రత చెప్పకుండా ‘గరుకు’ అనే మాట రాయకు.

గుంతనూ, దారిలో అడ్డంగా లేచిన గట్టునూ కలిపేయకు. గట్టు అడ్డొస్తే చుట్టూ తిరిగి పోవచ్చు, ఒకే వరుసలో కదిలేటప్పుడు తప్ప. గుంతలో పడ్డాక మాత్రం ఎక్కి రావాల్సిందే.

మెట్ల గురించి, అంటే ఉపరితలంలో ఒక పరమాణు పొర ముగిసి కింది పొర మొదలయ్యే అంచుల గురించి, ఒక పేరా చేర్చు. మెట్టు దిగడం తేలికనుకుంటారు పాఠకులు. అంచు దాటేటప్పుడు పరమాణువును పట్టి ఉంచే పొరుగు పరమాణువులు తగ్గిపోతాయి, అదే అదనపు అడ్డంకి. ఎర్లిక్, హుడ్డా 1966లో టంగ్‌స్టన్ మీద, విడి పరమాణువులను చూపే ఫీల్డ్ అయాన్ మైక్రోస్కోపుతో దీన్ని గమనించారు. స్ఫటికాల మీద మెట్ల కదలికకు దీని ఫలితమేమిటో అదే ఏడాది ష్వోబెల్, షిప్సీ వివరించారు. పలుచని పూత వేసేటప్పుడు, పైన పడ్డ పరమాణువులు దిగలేక అక్కడే కొత్త పొర మొదలుపెడతాయి. చదునుగా రావాల్సిన పూత దిబ్బలు దిబ్బలుగా పెరుగుతుంది.

మెట్టు అంచును పక్కనుంచి చూసినట్టు ఒక బొమ్మ గీయి. అంచున పరమాణువుకు ఎన్ని ఆసరాలు మిగిలాయో అందులో లెక్కపెట్టేలా ఉండాలి. సవరించి పంపు, చూస్తాను.