అప్పు సంగతి బాబుకి చెప్పాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మావారికి కిరాణా కొట్టుంది. బాబుకి 17 నిండాయి, ప్లస్ టూ పరీక్షలు ఇప్పుడే అయ్యాయి. విశాఖపట్నంలో చదివిద్దామనుకుంటున్నాం. చదువులో ముందుంటాడు గాని బయట ప్రపంచం తెలీదు. బ్యాంకు గడప తొక్కలేదు, అన్నం పెట్టుకుని తినడం కూడా రాదు. రెండేళ్ళ కిందట కొట్టు కోసం అప్పులు చేశాం. చదువు పాడవుతుందని వాడికి తెలియనివ్వలేదు. ఒక్కడూ అక్కడ ఎలా నెగ్గుకొస్తాడోనని నాకు నిద్ర పట్టట్లేదు. లోకం ఎలాంటిదో వాడికెలా చెప్పాలి? పదో తరగతి పాప కూడా ఉంది, దానితో ఇబ్బంది లేదు, ఇంటిపనులన్నీ చేస్తుంది.

జవాబు: అమ్మా, ఉత్తరమంతా బాబు గురించే రాసి, పాపని చివర్లో ఒక్క ముక్కతో సరిపెట్టారు. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు అప్పు.

ఇంట్లో అప్పుందని పదిహేడేళ్ళ పిల్లాడికి తెలీదనే అనుకుంటున్నారా? వసూలుకొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడితే మీ గొంతు తగ్గుతుంది. పండక్కి కొత్త బట్టలు వాయిదా పడతాయి. కొట్లో అరలు ఖాళీగా కనిపిస్తాయి. ఇవన్నీ వాడు చూస్తూనే ఉంటాడు. తెలియనిదల్లా ఎంతో, ఎవరికో, ఎప్పటికి తీరుతుందో. ఆ అంకె తెలియనంత కాలం పిల్లలు తమకు తోచినట్టు ఊహించుకుంటారు. చదువు మానేసి ఏ పనికో పోదామనుకునేవాళ్ళు కొందరు, ఏం తక్కువైందని కొత్త ఫోను కోసం అలిగేవాళ్ళు ఇంకొందరు. ఇద్దరికీ లెక్క తెలీదు, అంతే.

కొట్టు కట్టేసిన ఒక రాత్రి మీరిద్దరూ వాణ్ణి కూర్చోబెట్టి పద్దు పుస్తకం ముందు పెట్టండి. అమ్మకమెంత, మిగిలేదెంత, హోల్‌సేల్ వాళ్ళకి ఇవ్వాల్సిందెంత, వడ్డీ ఎంత, ఇవన్నీ వాడి చేతే రాయించండి. విశాఖలో హాస్టలుకి, భోజనానికి, రైలు ఛార్జీలకి ఎంతవుతుందో వాడే కనుక్కుని అదే పేజీలో కింద చేర్చాలి. అయితే ‘ఇదంతా నువ్వే తీర్చాలి నాన్నా’ అనే మాట మాత్రం పొరపాటున కూడా అనొద్దు. చట్టం కూడా అలా అనడం లేదు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక, ఆ తర్వాత తండ్రి చేసిన అప్పుని, తీర్చడం కొడుకు ధర్మమన్న పేరు చెప్పి కొడుకు నుంచి వసూలు చేసే వీల్లేదు. తండ్రి నుంచి ఆస్తి సంక్రమిస్తే, అప్పులవాళ్ళ హక్కు ఆ ఆస్తి మేరకే. ఆ సంగతి వాడికి తెలిస్తే గుండెల మీది బరువు సగం దిగుతుంది.

లోకం ఎలాంటిదో ఎలా చెప్పాలని అడిగారు. నోటితో చెప్పే పని పెట్టుకోకండి, లోకం రోజూ మీ కొట్టుకే వస్తోంది. ఫలితాలొచ్చేదాకా అరువు పద్దు బాబుకి అప్పగించండి. తెలిసినవాళ్ళని డబ్బడగడం ఎంత కష్టమో వాడికి తెలియాలి. ‘వచ్చేవారం’ అన్నవాడు నిజంగానే లేక అన్నాడో, ఉండి తప్పించుకుంటున్నాడో వాడే పోల్చుకోవాలి. పోయినవారం వాయిదా చెప్పిన మనిషి ఈ వారం కళ్ళు తప్పించుకుని ఎదుటి కొట్లో సరుకు కొంటుంటే ఏం చెయ్యాలి? పక్కింటి పెద్దాయన దగ్గర గట్టిగా అడగాలా, వదిలెయ్యాలా? ఒడియాలో మర్యాదగా అడగడం వేరు, తెలుగులో చుట్టరికం కలుపుకుని అడగడం వేరు. ఊళ్ళో చాలామంది రెండూ మాట్లాడేవాళ్ళే కనుక వాడికి రెండూ అలవాటవుతాయి. కొంత డబ్బు పోగొడతాడు. పోనివ్వండి, మీ కళ్ళెదుట పోయేది కొద్దిగానే. నాన్నని అప్పులవాడు అడిగేటప్పుడు నాన్నకి ఎలా ఉంటుందో కూడా అప్పుడే అర్థమవుతుంది.

కొట్టు పని మీద స్కూటరు కూడా ఇచ్చి పంపుతున్నారేమో, మన ఊళ్ళలో అది మామూలే కనుక చెబుతున్నాను. 18 నిండకుండా బండి నడిపి పట్టుబడితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. పిల్లాడికి 25 ఏళ్ళొచ్చేదాకా లైసెన్సు రాదు. సైకిలుందిగా.

ఇక కాగితాలు. ఇక్కడ బడిలో ఇంటిపేరు చివర రాస్తారు, మన అలవాటు ముందు. ఆధార్‌లో ఒకలా, మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటే కాలేజీలోనూ బ్యాంకులోనూ తిప్పుతారు. రెండూ పక్కపక్కన పెట్టి బాబునే చూడమనండి, తేడా ఉంటే దిద్దించే పని కూడా వాడిదే. ఇంకొకటి, ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆంధ్రలో స్థానికులం కాము. అక్కడ కన్వీనర్ కోటా సీట్లలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపే సీట్లలో, 85 శాతం స్థానికులకే, అది ఎక్కువగా చదివిన చోటును బట్టి తేలుతుంది. బీసీ జాబితా కూడా రాష్ట్రానికొకటి. అక్కడ చెల్లిన కులం ఇక్కడ చెల్లకపోవచ్చు, ఇక్కడిది అక్కడా అంతే. హాస్టలుకి డబ్బు కట్టే ముందే ఇవన్నీ తేల్చుకోండి. ఒడియా మీడియమైతే ఈ సెలవుల్లో తెలుగు చదవడం కూడా రావాలి. విశాఖలో సిటీ బస్సు బోర్డు చదవలేక పక్కవాణ్ణి అడుగుతూ తిరగడం చిన్నతనంగా ఉంటుంది.

బ్యాంకు ఖాతా ఇప్పుడే తెరవచ్చు, పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకుంది. 18 నిండాక మళ్ళీ కేవైసీ, కొత్త సంతకం ఇవ్వాలి. ఖాతా చేతికొచ్చిన రోజే ఒక మాట గట్టిగా చెప్పండి. ‘నీ అకౌంటులో డబ్బు వేయించుకుంటాను, కమీషనిస్తాను’ అని హాస్టల్లో ఎవడో అడుగుతాడు. ఏటీఎం కార్డు వారం రోజులు ఇమ్మంటాడు. అది చాలాసార్లు సైబర్ మోసాల డబ్బు. పోలీసులు ముందు పట్టుకునేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళనే. వాడే మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చెయ్యాలి, ఆ తర్వాత మీకు. మీరు తిడతారన్న భయంతోనే చాలామంది పిల్లలు ఆలస్యం చేస్తారు, ఆ ఆలస్యంలోనే డబ్బు చేతులు మారిపోతుంది.

అన్నం సంగతి సులువు. రేపటి నుంచి తిన్న కంచం వాడే కడుక్కోవాలి, వారంలో రెండు పూటలు వాడే వండాలి. పప్పు మాడితే మాడిన పప్పే అందరూ తినండి.

ఇప్పుడు పాప. ‘దానితో ఇబ్బంది లేదు’ అన్నారు. ఇబ్బంది పెట్టనందుకు దానికి దక్కింది ఇంటిచాకిరీ. వంట వచ్చుగాని పద్దు పుస్తకం దానికీ తెలీదు కదా? ఆ రాత్రి బాబు పక్కన దాన్ని కూడా కూర్చోబెట్టండి. నేను పైన చెప్పిన 2005 సవరణే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. పది అయ్యాక సంబంధాల మాట ఎవరైనా తెస్తే, 18 నిండకుండా పెళ్ళి చేయడం 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరమని చెప్పి పంపేయండి. అన్నయ్య బ్యాంకుకి వెళ్ళిన రోజు అదీ వెళ్ళాలి, అన్నయ్య వండిన పూట అది చదువుకోవాలి.

వీటన్నిటికీ మీవారు ఒప్పుకోకపోవచ్చు. పిల్లల ముందు అప్పు విప్పి చెప్పడం మగవాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది. అందుకే పిల్లలు లేనప్పుడు ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి. ఏ అంకెలు చెప్పాలో ఆయన్నే నిర్ణయించనివ్వండి, చెప్పేది కూడా ఆయనే చెప్పాలి. మొదటి రాత్రే అంతా కుదరకపోతే హోల్‌సేల్ బాకీ ఒక్కటే చెప్పమనండి, వడ్డీల సంగతి తర్వాతి వారం.