నార్త్ కరోలినా ఎర్ర బంకమట్టిలో స్కై పెన్సిల్ హాలీ నాటవచ్చా?

స్కై పెన్సిల్ అంటే పెన్సిల్‌లా సన్నగా నిటారుగా పెరిగే, ఏడాదంతా పచ్చగా ఉండే జపాన్ హాలీ మొక్క. షార్లెట్ దగ్గర మీ కొత్త ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న సన్నని జాగాలో స్కై పెన్సిల్ హాలీలను వరుసగా నాటితే పక్కింటి పై అంతస్తు కిటికీ కనబడకుండా పోతుందా, ఎర్రటి పళ్లు కాస్తాయా, ఈ మే నెలలోనే నాటవచ్చా అని అడిగారు. మూడింటికీ నా జవాబు నిరాశపరిచేదే. అయితే అవే మొక్కలను ఇంటి ముందు గుమ్మానికి చెరో పక్క పెట్టుకోమని గట్టిగా చెబుతాను. రాలీ శివార్లలో మా ఇంటి ముందు అలా నాటినవి ఏళ్లుగా పచ్చగా నిలబడి ఉన్నాయి.

ముందుగా ఎత్తు సంగతి. ఈ మొక్క 6 నుంచి 10 అడుగుల దాకా ఎదుగుతుంది, అదీ నెమ్మదిగా. వెడల్పు 2 అడుగులకు కాస్త అటూఇటూ. మన ఊళ్లలో గేటు పక్కన పెట్టే పొడవాటి అశోక చెట్టును గుమ్మం ఎత్తుకు కుదించినట్టు ఉంటుంది. కాబట్టి పై అంతస్తు కిటికీకి ఇది అడ్డు రాదు. అంత ఎత్తు ఎదిగే నెల్లీ స్టీవెన్స్ లాంటి హాలీలు ఉన్నాయి కానీ వాటికి పక్కలకు కనీసం 8 అడుగులు కావాలి, రెండు ఇళ్ల మధ్య అంత చోటు మీకు ఎక్కడిది? ఆ కిటికీ బాధకు మీ కిటికీకి మంచి పరదా వేసుకోవడమే చౌక.

ఆ జాగా వద్దనడానికి అసలు కారణం నీళ్లు. కొత్త కాలనీల్లో రెండు ఇళ్ల మధ్య నేలను కావాలనే కాస్త పల్లంగా మలుస్తారు. రెండు పైకప్పుల మీద పడిన వాన అందులోంచే బయటికి పోవాలి. అక్కడ మొక్కలు నాటితే ఆ దారి మూసుకుపోతుంది, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం కూడా రావచ్చు. అవి ఎలాగోలా సర్దుకున్నా మొక్క సర్దుకోదు. మన ఎర్ర బంకమట్టిలో నీరు ఇంకడం ఆలస్యం, స్కై పెన్సిళ్లు చనిపోయేది ఎక్కువగా వేరుకుళ్లుతోనే. ఆ తెగులు తెచ్చే వాటిలో ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి ఒకటి. ఆంధ్రలో తమలపాకు తోటలు పెంచినవారికి అది పాత శత్రువే.

ఈ తెగులులో ఒక మోసం ఉంది. హాలీ ఆకు దళసరిది, వేరు చచ్చిన తరువాత కూడా కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. ఆకు గోధుమరంగుకు తిరిగేసరికి లోపల పని ఎప్పుడో పూర్తయి ఉంటుంది. చూసినవారు నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. మా వీధిలో ఒకరు పైకప్పు నీరు దిగే గొట్టం పక్కన నాటిన జత ఇలాగే పోయింది. అనుమానం వస్తే కొమ్మ బెరడును గోటితో గీకండి, కింద పచ్చగా ఉంటే ఆ కొమ్మకు ఇంకా ప్రాణం ఉన్నట్టు. తరువాత మొదలు పక్కన మట్టి కాస్త తీసి చూడండి. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉండాలి. నల్లబడి, పట్టుకుంటే పై తొక్క ఊడి వస్తుంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవచ్చు. అదే గుంటలో మళ్లీ హాలీ నాటకండి.

గుమ్మం దగ్గరైనా సరే, నాటే ముందు నేలను పరీక్షించండి. అడుగు లోతు గుంట తవ్వి నీళ్లతో నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగుతోందో కొలవండి. అంగుళం కంటే తక్కువ దిగితే అక్కడ గుంటలో నాటవద్దు, మట్టి పోసి ఎత్తు చేసిన మడి కట్టి దానిలో నాటండి. అంగుళం నుంచి మూడు అంగుళాలు దిగితే నిశ్చింతగా ఉండవచ్చు. గుంట వెడల్పు వేరుగడ్డకు (కుండీలోంచి తీసిన వేళ్లూ మట్టీ కలిసిన ముద్దకు) రెండు మూడింతలు ఉండాలి, లోతు మాత్రం వేరుగడ్డ ఎత్తును మించకూడదు. బంకమట్టిలో అయితే వేరుగడ్డ పైభాగం నేల మట్టానికి ఒకటి రెండు అంగుళాలు పైకే ఉండనివ్వండి. బంకమట్టి గుంటను సంచిలో అమ్మే మెత్తటి మట్టితో నింపేసే అలవాటు చాలామందికి ఉంది. చుట్టూ గట్టి మట్టి, మధ్యలో మెత్తటిది అయ్యేసరికి నీరంతా అందులోకే చేరి నిలుస్తుంది. తవ్విన మట్టినే విరిచి తిరిగి వేయడం మేలు. కుండీలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను చేత్తో విడదీయండి, విడిపోకపోతే కత్తితో నిలువుగా గాట్లు పెట్టండి. పైన రెండు మూడు అంగుళాల మల్చ్ (నేలను కప్పే చెక్కపొట్టు, బెరడు ముక్కల లాంటివి) పరిచి, మొదలుకు మాత్రం తగలకుండా చూడండి.

మట్టి విషయంలో ఒక వెసులుబాటు ఉంది. హాలీలకు కాస్త ఆమ్లగుణం ఉన్న నేల ఇష్టం, మన వైపు నేల సహజంగానే అలాంటిది. అయితే ఇల్లు కట్టేటప్పుడు గోడ వెంట పారబోసిన సిమెంటు, సున్నం వల్ల అక్కడక్కడ ఆ ఆమ్లగుణం తగ్గి (అంటే పీహెచ్ పెరిగి) ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. రాష్ట్ర వ్యవసాయ శాఖ ఏప్రిల్ నుంచి నవంబరు వరకు మట్టి నమూనాలను ఉచితంగా పరీక్షిస్తుంది. నమూనా వేసే డబ్బాలు మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయంలో (సాగు సలహాలిచ్చే ప్రభుత్వ కార్యాలయం) దొరుకుతాయి. ఫలితం రాకుండా ఎరువు వేయకండి.

ఎండ పూర్తిగా తగిలినా, సగం పూట తగిలినా పెరుగుతుంది. పడమటి ఇటుక గోడకు ఆనించి మాత్రం పెట్టవద్దు. ఆ వేడికి మొక్క డస్సిపోతుంది. దీనికి ఎర్రనల్లి కూడా పడుతుంటుంది. ఆకులు వెలిసినట్టు కనబడితే కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి దులపండి, కాగితం మీద చుక్కలు కదిలితే అవే. ఆకుల అడుగు తగిలేలా గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టడం మొదటి చికిత్స.

మొదటి ఏడాది వేసవిలో వారానికోసారి నీరు లోతుగా ఇంకేలా పోయాలి. వాన పడితే మానేయాలి. గడ్డికి నీళ్లు చిమ్మే యంత్రాల తడి దీనికి రోజూ తగలడం మంచిది కాదు.

చలికాలంలో బెంగ మంచు బరువుదే. తడి మంచు పడితే నిటారు కొమ్మలు విడిపోయి పక్కలకు వాలుతాయి. నవంబరులో మెత్తటి జనపనార తాడును కింది నుంచి పైకి వదులుగా చుట్టి, వసంతంలో విప్పేయండి. కొమ్మలు గడ్డకట్టి ఉన్నప్పుడు చీపురుతో కొట్టకండి, విరుగుతాయి. కత్తిరింపు దాదాపు అక్కర్లేదు. పక్కకు పొడుచుకొచ్చిన కొమ్మలను ఫిబ్రవరి చివర్లో తీసేస్తే చాలు.

పళ్ల సంగతి: స్కై పెన్సిల్ ఆడ మొక్క. దగ్గరలో మగ జపాన్ హాలీ ఉంటే కాస్తుంది, కానీ చిన్న చిన్న నల్లటి పళ్లు. క్రిస్మస్ కార్డుల్లోని ఎర్ర పళ్లు వేరే హాలీలవి. పళ్లు తింటే కడుపు చెడుతుంది, పాకే పిల్లలుంటే జాగ్రత్త.

కింద వ్యాఖ్యలో డాలస్ నుంచి ఒకరు అక్కడా నాటవచ్చా అని అడిగారు. అక్కడి సున్నపు నేలకు ఇది సరిపడదు. విల్ ఫ్లెమింగ్ అనే సన్నని యోపాన్ హాలీ తెచ్చుకోండి. యోపాన్ టెక్సాస్‌కు స్థానికం, తడినీ కరవునూ రెండింటినీ ఓర్చుకుంటుంది. వయసు పైబడితే దాని కొమ్మలూ విడిపోతాయి, తాడు తప్పదు. యోపాన్ ఆకులో కెఫీన్ ఉంటుంది, అక్కడి ఆదివాసులు దానితో పానీయం కాచుకునేవారు. స్కై పెన్సిల్ ఆకుతో ఆ ప్రయోగం చేయకండి.

ఇక మే నెల. వేరు పట్టకముందే వేసవి వచ్చిపడుతుంది కాబట్టి అక్టోబరు దాకా ఆగండి. ఈలోగా గట్టి వాన పడిన రోజు గొడుగు పట్టుకుని బయటికి వెళ్లి, గుమ్మం పక్కన నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూసి గుర్తు పెట్టుకోండి. హెచ్‌ఓఏ అనుమతి అడగడానికి కూడా ఇదే సమయం, వాళ్ల జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు.