మూతపడిన కంపెనీ కారుకు ధర ఎలా కట్టాలి?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మావారు చదువుకునే రోజుల్లో, 2014లో, 2009 మోడల్ పాంటియాక్ వైబ్ కారును సెకండ్ హ్యాండ్‌లో 6,800 డాలర్లకు కొన్నారు. ఇప్పటికి 1,38,000 మైళ్లు తిరిగింది, పెద్ద మరమ్మతు ఏదీ రాలేదు. కొత్త కారు కొనబోతే డీలర్, "కంపెనీయే లేదు, పార్టులు దొరకవు" అంటూ దీనికి 1,200 డాలర్లే కడతానన్నాడు. ఎం.ఎస్. చదవడానికి వరంగల్ నుంచి వచ్చిన మా పెదనాన్నగారి మనవడు 3,500 ఇస్తానంటున్నాడు. చదువుకునే పిల్లవాడికి ఇలాంటి కారు అంటగట్టడం న్యాయమేనా? దానికంటే ఏదైనా సేవాసంస్థకు ఇచ్చేస్తే పన్ను కలిసివస్తుందా?

జవాబు: అమ్మా, మీ మనసులోని శంక ఆ డీలర్ మాటతో మొదలైంది కనుక ముందు దాన్నే పరిశీలిద్దాం. జనరల్ మోటార్స్ దివాలా అంచున ఉన్న 2009 ఏప్రిల్‌లో పాంటియాక్ పేరును వదిలించుకుంటున్నట్లు ప్రకటించింది. షెవర్లే, బ్యూక్, కాడిలాక్, జీఎంసీలను మాత్రం ఉంచుకుంది. అంతవరకు అతను చెప్పింది నిజమే. అయితే మీ వైబ్ ముందుభాగాన పాంటియాక్ ఎర్ర బాణం గుర్తు ఉన్నా, అది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టయోటా ఉమ్మడిగా నడిపిన కర్మాగారంలో తయారై, టయోటా మ్యాట్రిక్స్‌కు తోబుట్టువుగా బయటికి వచ్చిన కారు. డ్రైవర్ వైపు ముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల నంబరు చూడండి. 5వై2 అని మొదలవుతుంది, అదే ఆ కర్మాగారపు ఆనవాలు. మీది 1.8 లీటర్ల ఇంజనైతే, అదే కాలపు కరోలాలో ఉన్నదీ అదే ఇంజను. దాని ఆయిల్ ఫిల్టరు, వాటర్ పంపు, బెల్టు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. వైబ్‌కే ప్రత్యేకమైన ముందు బంపరు, దీపాల వంటివాటికి మాత్రం కొంత వెతుకులాట తప్పదు. 2.4 లీటర్ల ఇంజనైతే ఒక జాగ్రత్త అవసరం: ఆయిల్ తాగేస్తుందన్న పేరు దానికి ఉంది. కాబట్టి డిప్‌స్టిక్ తీసి మట్టం చూసి, వెయ్యి మైళ్ల తరువాత మళ్లీ చూసి, ఎంత తగ్గిందో కొనేవారికి దాచకుండా చెప్పాలి.

మీది, ఇలాగే మూతపడిన సాటర్న్ బ్రాండు ఆస్ట్రా కారు అయివుంటే నా సలహా వేరుగా ఉండేది. అది బెల్జియంలో తయారైన ఓపెల్ కారు, అమెరికాలో దానికి ఇలాంటి తోబుట్టువు లేదు. మూతపడిన బ్రాండు కారు ఏదైనా, పేరు పక్కనపెట్టి దాని జంట కారు ఏదో ముందు వెతకాలి. మెర్క్యురీ మిలాన్ ఉన్నవారికి ఫోర్డ్ ఫ్యూజన్ ఎలాగో, మీకు మ్యాట్రిక్స్ అలాగ. అదే సంవత్సరం మోడల్, దాదాపు అన్నే మైళ్లు తిరిగిన మ్యాట్రిక్స్ కార్లను మీ చుట్టుపక్కల ఎంతకు అడుగుతున్నారో ఒక పదింటిని చూసి, ఆ ధరల నుంచి కొంత తగ్గించి మీ ధర నిర్ణయించుకోండి. ఆ కొంత తగ్గింపును నష్టంగా భావించకండి, ఎందుకంటే 2014లో మీవారు కొన్నప్పటికే బ్రాండు మూసివేతను ప్రకటించి దాదాపు అయిదేళ్లయింది, ఆ తగ్గింపు అప్పుడే మీ చేతికి అందింది.

ఇక లెక్కకు వద్దాం. టెక్సాస్‌లో పాత కారును డీలర్‌కే ఇస్తే ఆ మొత్తం కొత్త కారు ధరలోంచి తీసివేసి మిగిలినదానిపైనే 6.25 శాతం పన్ను వేస్తారు కనుక, 1,200 డాలర్లకు మరో 75 కలిసివస్తుంది. అంటే డీలర్ బేరం విలువ 1,275 డాలర్లు. మీ బంధువుల అబ్బాయి ఇస్తానన్నది 3,500. తేడా 2,225 డాలర్లు. ఒకటి రెండు శనివారాల శ్రమకు ఇది చిన్న మొత్తం కాదు, అడ్డికి పావుశేరు లెక్కన వదులుకోకండి. సొంతానికి వాడుకున్న కారును కొన్న ధరకంటే తక్కువకు అమ్ముతున్నారు గనుక ఆదాయపు పన్నేమీ పడదు, అలాగే ఆ నష్టాన్ని పన్నులో చూపుకోవడానికీ వీలు లేదు.

విరాళం విషయంలో చాలామంది పొరబడుతున్నారు. 500 డాలర్లకు మించి మినహాయింపు కోరినప్పుడు, సంస్థ ఆ కారును వేలంలో ఎంతకు అమ్మితే సాధారణంగా అంతవరకే లెక్కలోకి వస్తుంది. అది 900కు పోయిందనుకుంటే, 22 శాతం పన్ను శ్రేణిలో ఉన్నవారికి మహా అయితే మిగిలేది 198 డాలర్లు. మినహాయింపులు విడివిడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి అదీ లేదు. సేవ చేయాలన్న సంకల్పం ఉంటే తప్పక ఇవ్వండి, పన్ను కోసం మాత్రం వద్దు.

న్యాయమేనా అన్న మీ ప్రశ్న నాకు నచ్చింది. అమ్మే ముందు మీకు సంబంధం లేని మెకానిక్ దగ్గర కారు చూపించి, ఆ కాగితం యథాతథంగా అబ్బాయి చేతిలో పెట్టండి. వైబ్ కార్లు టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్ (లోపమున్న భాగాన్ని మార్చేందుకు వెనక్కి పిలవడం) జాబితాలో ఉన్నాయి. మీ కారు 17 అక్షరాల నంబరును సమాఖ్య రహదారి భద్రతా సంస్థ (ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ) వెబ్‌సైట్‌లో వేసి చూసి, పెండింగ్ ఉన్నట్లు వస్తే అది పూర్తయ్యేదాకా బేరమే కదపవద్దు. పాంటియాక్ లేకపోయినా షెవర్లే, బ్యూక్ డీలర్లు ఆ పని ఉచితంగానే చేయాలి. డ్యాష్‌బోర్డుపై చెక్ ఇంజన్ దీపం వెలుగుతూ ఉంటే దాని కారణమూ తేల్చండి. వ్యక్తిగత వాహనాలకు భద్రతా తనిఖీని టెక్సాస్ 2025లో తీసివేసినా, కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీలలో పొగ పరీక్ష కొనసాగుతోంది. ఆ దీపం వెలుగుతున్న కారు అందులో నెగ్గదు, వచ్చే రిజిస్ట్రేషన్ నాటికి ఆ ఖర్చు అతని నెత్తిన పడుతుంది. బీమా ప్రీమియం ఎంతవుతుందో కూడా ముందే కనుక్కోమనండి. అమెరికాలో డ్రైవింగ్ చరిత్ర లేని యువకుడికి అది తరచుగా భారీగానే ఉంటుంది.

బంధువే కదా అని ఎవరైనా గిఫ్ట్‌గా చూపించి 10 డాలర్ల పన్నుతో సరిపెట్టమంటే వినకండి. ఆ వెసులుబాటు భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మ నానమ్మలు, మనవలు వంటి దగ్గరి సంబంధాలకే, అదీ డబ్బు చేతులు మారనప్పుడే. మీ పెదనాన్నగారి మనవడు ఆ జాబితాలోకి రాడు. ధర తక్కువ రాసినా ఫలితం ఉండదు. అమ్మిన ధర, రాష్ట్రం లెక్కగట్టిన విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపైనే పన్ను వసూలు చేస్తారు.

టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీవారి పేరున ఉంటే సంతకం ఆయనే చేయాలి. అప్పటి అప్పు ఏదైనా ఉండి తీరిపోయివుంటే ఆ విడుదల పత్రం ఉందో లేదో చూసుకోండి. టైటిల్ దరఖాస్తు అయిన 130-యు ఫారంపై అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ సంతకం చేసి, వీలైతే ఇద్దరూ కలిసే కౌంటీ టాక్స్ ఆఫీసుకు వెళ్లండి. నంబరు ప్లేట్లు, అద్దం మీది రిజిస్ట్రేషన్ స్టిక్కరు, టోల్‌ట్యాగ్ మీరే తీసేసుకోండి. 30 రోజుల్లోగా, వీలైతే అమ్మిన రోజు సాయంత్రమే, రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు వాహన బదిలీ సమాచారం ఆన్‌లైన్‌లో పంపి దాని ప్రతిని దాచుకోండి. ఇది పంపకుండా వదిలేస్తే అతను దాటిన ప్రతి టోలు బిల్లూ మీ ఇంటికి వచ్చే అవకాశముంది, చుట్టరికాలు చెడేది ఇలాంటి చిన్న బిల్లుల దగ్గరే. బదిలీ పూర్తయ్యాకే మీ బీమా రద్దు చేయించండి.

ధర విషయంలో నా అభిప్రాయం ఇది: మ్యాట్రిక్స్ ధరలు చూశాక 3,500 సబబని తేలితే ఆ డబ్బంతా తీసుకోండి. తనిఖీలో టైర్లో బ్రేకులో మార్చాలని తేలితే, ఆ ఖర్చు మాత్రం బేరంలోంచి తగ్గించండి. మొహమాటానికి పోయి వాయిదాల మీద ఇవ్వమనకండి. అతను బ్యాంకు నుంచి మీ ఖాతాకు మొత్తం బదిలీ చేశాక, సొమ్ము జమ అయిందని మీ కళ్లతో చూసుకున్న తరువాతే తాళాలు ఇవ్వండి.