శిరీషకు: ఓస్ట్ హౌస్ కొనే ముందు

చి.ల.సౌ. శిరీషకు, మావయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులోని కెంట్‌లో ఓస్ట్ హౌస్ చూశారని, ఆఫర్ కూడా పెట్టారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా అనిపించింది, వెంటనే గుబులూ మొదలైంది. బీరులో వేసే హాప్స్ పూలు ఆరబెట్టిన కట్టడాన్ని మూడిళ్లు చేశారట, గుండ్రటి గది మీ వాటాకొచ్చిందట. నా బెంగంతా ఆ గది గురించే.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఇంటి స్థితి చూసే సర్వే పాత ఇటుక కట్టడాలు తెలిసినవాళ్లతోనే చేయించు. గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలోది అయితే జరిగిన ప్రతి మార్పుకూ అనుమతి కాగితం అడుగు. పాత యజమాని దొంగచాటుగా చేసిన పనికైనా నోటీసు మీ పేరునే వస్తుంది, దానికి కాలపరిమితి లేదు. కప్పు మరమ్మతులకు పరంజా కట్టిస్తే ఎవరి వాటా ఎంతో దస్తావేజులో ఉండాలి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేరుగా వాగులో కలుస్తుంటే కొనకముందే మార్పించాలి.

ఇక గోడ సంగతి. ఓస్ట్ కట్టిందే గాలి ఆడటానికి. కింద మంట, పైన సందులున్న చెక్క అటక, దాని మీద గుర్రపు వెంట్రుకలతో నేసిన గుడ్డ, ఆ పైన పచ్చి హాప్స్. పనితీరు మన ఒంగోలు వైపు పొగాకు బ్యారన్ లాంటిదే. హాప్స్‌లో నూటికి ఎనభై పాళ్లు నీరు. అదంతా ఆవిరై, కప్పు కొసన టోపీలా ఉండే తెల్లటి చెక్క కౌల్ గుండా బయటికి పోయేది. కౌల్ గాలికి వీపు పెట్టి తిరిగేది కాబట్టి వాన లోపల పడేది కాదు.

ఇళ్లుగా మార్చినప్పుడు చాలాచోట్ల ఈ దారులన్నీ మూసేశారు. బయట ఇటుకల మధ్య అతుకుల్లో సున్నం మాలు గీకేసి సిమెంటు పూశారు, పాయింటింగ్ అంటారు దాన్ని. గోడలోకి దిగిన వాననీరు సున్నపు అతుకుల్లోంచి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని ఆపేస్తే ఇటుకలోంచే బయటపడాలి. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఇటుక ముఖం పెచ్చులుగా రాలిపోతుంది, సిమెంటు గీతలు మాత్రం ముందుకు పొడుచుకొచ్చి నిలబడతాయి. వానగాలి తగిలే నైరుతి వైపు చూడు, అక్కడే ముందు తెలుస్తుంది. తాళంచెవితో అతుకును గీకు: సున్నమైతే పొడి రాలుతుంది, సిమెంటైతే గీతే పడదు. హాప్స్‌కు రంగు రావాలని గంధకం కూడా కాల్చేవాళ్లు. దాని లవణాలు లోపలి ఇటుకలో మిగిలుంటే, తడి తోడైనప్పుడు సిమెంటు ఉబ్బి పగులుతుంది.

బాగుచేయించాలంటే గ్రైండర్ వాడనివ్వకు, ఇటుక అంచులు తెగిపోతాయి. ఉలితో, అతుకు వెడల్పుకు రెండింతల లోతు తీయించు. ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అనే రకం సున్నం (తడిలోనూ గట్టిపడేది) ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు. తడి గోనెపట్టా కప్పి నిదానంగా ఆరనివ్వాలి. 5 డిగ్రీల లోపు చలిలో ఆ పని వద్దు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు పెట్టుకో. ముందు చదరపు మీటరు మేర చేసి చూడమను. ఇటుక పగిలేంతగా సిమెంటు పట్టేసి ఉంటే, ఆ భాగాన్ని వదిలేయడమే మేలు. గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని మోటు లెక్క. అంతవరకూ లోపల ప్లాస్టరింగ్ జోలికి పోకు.

గుండ్రటి గది పైన శంకువులాంటి కప్పు లోపల చలి ఆపడానికి ఫోమ్ కొట్టించి ఉంటే ఇంకా జాగ్రత్త. స్నానాల, వంటల ఆవిరి అంతా ఆ కొసకే చేరి దూలాలు పుచ్చిపోతాయి. పెంకులకూ ఇన్సులేషన్‌కూ మధ్య 50 మిల్లీమీటర్ల గాలిసందు ఉందో లేదో అడుగు. కౌల్ తిరక్కుండా బిగించేసి ఉంటే దాని అడుగు చెక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడమను.

బాబుకు చలికాలంలో ఆయాసం వస్తుందని మీ అమ్మ అంది. గోడ ఆరిందని తేలేదాకా వాడి మంచం ఆ గదిలో వేయకు. చూడముచ్చటగా ఉందని ఈ ఒక్క మాట పెడచెవిన పెట్టావో, ఊరుకోను. చిన్నప్పుడు వాన వెలిసీ వెలియగానే మిద్దెక్కి నీళ్లెక్కడ నిలిచాయో చూసొచ్చి చెప్పేదానివి. ఇప్పుడూ అలాగే చూడు తల్లీ.

అన్నట్టు, ఆ గుండ్రటి గదికని బీరువాలు కొనేయకు. 16 అడుగుల వ్యాసమున్న గదిలో ఆరడుగుల బీరువా పెడితే వెనక మధ్యలో ఏడంగుళాల సందు మిగులుతుంది. బీరువాలు వంటగది పక్కనున్న చదరపు భాగంలోనే ఉండనీ.

సర్వే రిపోర్టు రాగానే పంపు. నైరుతి గోడ ఫొటోలు దగ్గర్నుంచి తీసి పంపు. అవి చూశాకే సంతకం.

మావయ్య